చౌకీకి నీళ్ళడిగిన అర్జీ

నా ముప్పై ఏళ్ళ నౌకరీలో పులిని చూసింది మూడే మూడు సార్లు. అధికారులను చూసింది లెక్కలేనన్ని సార్లు. పులి కనిపించినప్పుడు చెట్టెక్కాను. అధికారి కనిపించినప్పుడు ఎక్కడానికి చెట్టు కూడా దొరికేది కాదు.

అడవి శాఖలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు మొన్న మా ఇంటికి వచ్చి, "అప్పట్ల సంఘం పని ఎట్ల జేసిండ్రో జెప్పుండ్రి సార్" అన్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే జెండాలు, నినాదాలు, జైలు ముచ్చట్లు వినడానికి వచ్చినట్టు తెలిసిపోయింది. అవేవీ నా దగ్గర లేవు. ఉన్నవల్లా నేను చేసిన రెండు తెలివితక్కువ పనులు. వాటిని నోటితో చెప్తే నవ్వి మరిచిపోతారని రాసి ఇస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రాద్దామన్నా వచ్చినవి తక్కువ.

కుర్చీలో కూర్చున్న నాయకుడు

మాది కరీంనగర్ దగ్గర నేతపని వాళ్ళ ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకుండా బతకాలని బాపు నన్ను ఉర్దూ బడికి పంపాడు. ఆ ఉర్దూ పుణ్యమా అని, పోలీసు చర్య జరిగిన కొద్ది రోజులకు ఆదిలాబాద్ జిల్లాలో ఒక రేంజి ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. నేను ఉర్దూలో ఆరితేరే సరికి కాగితాలు ఇంగ్లీషులోకి మారాయి. ఇంగ్లీషు కూడబలుక్కునే సరికి తెలుగు అన్నారు. మూడు భాషల్లోనూ తప్పులు రాయగల గుమాస్తా ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

అందుకే గార్డులూ వాచర్లూ కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు నన్ను సెక్రెటరీని చేశారు. గార్డంటే అడవిలో తన వంతు భాగం, అంటే బీటు, కాలినడకన తిరిగి కాపలా కాసేవాడు. వాచర్ అతనికి తోడు, అక్కడి ఊరివాడే, అడవిని అరచేతిలా ఎరిగినవాడు. వీళ్ళు ఉండేది అడవి నడుమ చౌకీల్లో. చౌకీ అంటే రెండు గదులు, పైన పెంకులు, పెంకుల్లో తేళ్ళు. నేనుండేది రేంజి ఆఫీసులో, పంకా కింద. అడవి వాళ్ళకు పంకా కింది మనిషి నాయకుడయ్యాడు. ఈ సంగతి అప్పుడు ఎవరికీ వింతగా అనిపించలేదు, నాకైతే అసలే అనిపించలేదు.

మా ఆఫీసుకు పెద్ద రేంజరు మొహియుద్దీన్ సాబ్. నిజాం కాలం నుంచి ఉన్నవాడు. సంఘం పెట్టామని చెప్పడానికి భయపడుతూ పోతే, పాన్ నములుతూ అంతా విన్నాడు.

"మంచిదే. ఇన్నొద్దులు ఒక్కొక్కడు వచ్చి ఏడుస్తుండె. ఇగ అందరిది కలిపి నువ్వే ఏడువు. నాకు జర టైము మిగులుతది" అన్నాడు.

నా జీవితంలో మంచి బాసు అంటే ఆయనే. మనల్ని ఆటపట్టిస్తూనే మన పని చేసిపెట్టేవాడు.

మా మొదటి విజయం: బూట్లు

సంఘం మొదట అడిగింది బూట్లు. ముళ్ళలో, రాళ్ళలో గార్డులు వట్టి కాళ్ళతోనో, తెగిన చెప్పులతోనో తిరిగేవారు. నేను మూడు పేజీల అర్జీ రాశాను. అందులో పాముల గురించి రాసిన పేరా చదివి నాకే ఒళ్ళు జలదరించింది. రెండేళ్ళు తిరిగితే బూట్లు వచ్చాయి. అన్నీ ఒకే సైజు. పెద్దకాళ్ళ వాళ్ళకు వేళ్ళు నలిగేవి, చిన్నకాళ్ళ వాళ్ళు బూటులో పాత పేపరు కుక్కేవారు.

ఆరు నెలల తర్వాత ఇచ్చోడ అంగడిలో మా వాచర్ జంగు కనిపించాడు. గోండు మనిషి, అరవై ఏళ్ళుంటాయి. బూట్లు లేసులు ముడేసి మెడలో వేసుకున్నాడు.

"ఏం జంగూ, బూట్లు కాళ్ళకు గదా తొడగాలె?" అన్నాను.

"తనిఖీకి సార్లు వచ్చిన్నాడు తొడుగుతం సార్" అన్నాడు. "టేకు ఆకు రాలినంక గీ బూట్లు ఏస్కొని నడిస్తె కరకర సప్పుడైతది. గా సప్పుడుకు కట్టె కొట్టేటోడు కోసెడు దూరంల ఉండంగనే ఉరుకుతడు. ఉత్త కాళ్ళతోని పోతెనే దొరుకుతడు."

"మరి అర్జీ రాసేటప్పుడు చెప్పకపోతివి?"

"నువ్వు అడగలే గద సార్."

వానాకాలంలో, బురదలో, ఆ బూట్లు చాలామందిని కాపాడాయి. కాబట్టి ఆ అర్జీ వృథా అయిందని అనను. కానీ ఎండాకాలానికి మెత్తటి తోలు చెప్పులు అడగాల్సింది. ఆ మాట అడవిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను నవ్వుకుని ఊరుకున్నాను. అప్పుడే సిగ్గుపడి ఉంటే తర్వాతి కథ జరిగేది కాదు.

పులికి మంజూరైన నీళ్ళు

అరవైల నడుమ మా అడవిలో శికారు బంద్ చేసి, అభయారణ్యమని బోర్డు పెట్టారు. జంతువులను కాపాడాలంటే మనుషులు లోపలే ఉండాలి. అందుకని గార్డులంతా కుటుంబాలతో సహా చౌకీల్లోనే ఉండాలని హుకుం వచ్చింది. అప్పటిదాకా ఎండాకాలం పెళ్ళాం పిల్లలను ఊళ్ళకు పంపేవారు. ఇక అది కుదరదు.

లోపలికల్లా లోపలిది మల్లయ్య చౌకీ. మల్లయ్య ధర్మపురి దిక్కువాడు, మాలాగే నేతపని వాళ్ళ పిల్లవాడు. మగ్గం అమ్ముకుని ఈ నౌకరీకి వచ్చాడు. భార్య లచ్చవ్వ. ఒకే దిక్కువాళ్ళమని నన్ను "అన్నా" అని పిలిచేది. ఆ చౌకీ దగ్గర బావి లేదు. మాఘం దాటితే పక్కనున్న వాగు ఎండిపోయేది. దూరంగా పెద్దవాగు ఇసుకలో చెలిమె తవ్వుకుని, అంటే గుంత తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో ముంచి బిందె నింపుకుని రావాలి. మల్లయ్య బీటుకు పోని రోజు కావడి మోసేవాడు. మిగిలిన రోజులన్నీ లచ్చవ్వే. ఆమెకు అప్పుడు ఆరో నెల.

ఆ ఏడే పులులూ దుప్పులూ అడవిదున్నలూ తాగడానికి నీటి గుంటలు మంజూరయ్యాయి. చౌకీకి బావి మాత్రం కాలేదు. మొహియుద్దీన్ సాబ్ కాగితం చదివి నా వైపు తోశాడు.

"సెక్రెటరీ, మల్లయ్యకు తోక ఉన్నదని రాయి. నీళ్ళు జల్ది మంజూరైతయి."

నేను తోక రాయలేదు గానీ గట్టి అర్జీయే రాశాను. మల్లయ్య ఏదో పని మీద ఆఫీసుకు వస్తే అడిగాను: "చెలిమె ఎంత దూరం ఉంటది?"

"గీడనే సార్" అన్నాడు.

"గీడనే అంటే? కోసెడు ఉంటదా?"

"ఆఁ... ఉంటది సార్."

కోసెడు, అంటే రెండు మైళ్ళు, అని రాశాను. మల్లయ్య కింద సంతకం పెట్టాడు.

మర్యాద మమ్మల్ని ముంచిన విధం

అర్జీలో నిజమెంతో చూడ్డానికి పెద్ద సార్ స్వయంగా వస్తున్నాడని కబురు వచ్చింది. జిల్లాకు కొత్తగా వచ్చిన అధికారి, కోస్తా మనిషి. నేను ఎగిరి గంతేశాను. నా అర్జీ చదివి అంత పెద్ద మనిషి కదిలి వస్తున్నాడు!

మా శాఖలో ఒక ఆచారం ఉంది. తనిఖీకి ఎవరొచ్చినా చౌకీకి సున్నం వేస్తాం, అరుగుకు ఎర్రమట్టి జాజు పూస్తాం, తోరణం కడతాం, ఎక్కడి నుంచో కుర్చీ ఎరువు తెస్తాం. ఎవరూ చెప్పక్కర్లేదు, చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఈసారి నేనే ముందుండి చేయించాను. పెద్ద సార్ వస్తే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు లేవనడం సంఘానికి ఎంత నామోషీ! మూడు కోసుల అవతల ఊళ్ళో బావి ఉంది. పటేలును బతిమాలి ఎడ్లబండి తీసుకుని, రెండు డ్రమ్ముల నీళ్ళు తెప్పించాను. తాగే నీళ్ళ రంజన్ కుండలు రెండు, పెద్ద తొట్టిలాంటి గోలెం ఒకటి అంచుల దాకా నింపాం. మిగిలిన నీళ్ళతో, అంతకు ముందురోజు నాటిన బంతి మొక్కలు తడిపాం.

చౌకీకి నీళ్ళు లేవని చూపించడానికి మేం చేసిన ఏర్పాటు ఇది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇరవై మందిలో ఒక్కరికైనా రావాలి కదా!

పెద్ద సార్ ఎండన పడి వచ్చాడు. "కాస్త నీళ్ళు పోసుకుంటానయ్యా" అన్నాడు. గోలెం దగ్గర కూర్చుని చెంబు మీద చెంబు పోసుకుంటూ పద్యం ఎత్తుకున్నాడు. "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయయ్యా!" అన్నాడు. మేమంతా వరుసగా నిలబడి మురిసిపోయాం. భోంచేసి, తనిఖీ పుస్తకం తెప్పించుకుని, ఏదో రాసి, జీపెక్కాడు.

పుస్తకం తెరిచి చూశాను. నీటి వసతి తృప్తికరం. మొక్కల పెంపకం ప్రశంసనీయం. ఫిర్యాదు నిరాధారం.

"మల్లయ్యా, నువ్వన్న నోరు తెర్వకపోతివి?" అని కోప్పడ్డాను.

"సారు తానం జేసి గంత సంబురంగున్నడు. గప్పుడు నీళ్ళు లేవని ఎట్ల జెప్పాలె?" అన్నాడు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. అబద్ధపు ఫిర్యాదు చేసినందుకు నిన్ను నౌకరీ నుంచి ఎందుకు తీసేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పమని. మెమో నాకు కాదు, మల్లయ్యకు. రాసింది నేను, డ్రమ్ములు తెప్పించింది నేను, సంతకం మాత్రం అతనిది. ఊళ్ళో మగ్గం లేదు, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి. ఆ కాగితం చేతిలో పెడుతుంటే అతని ముఖం చూడలేకపోయాను.

ఏమీ చేయకపోవడం

మంచిర్యాలలో సంఘం కమిటీ కూర్చుంది. ఒకరు ధర్నా అన్నారు, ఒకరు హైదరాబాద్ పోదామన్నారు. నేను ఇంగ్లీషులో ఆరు పేజీల జవాబు రాస్తానన్నాను. మూలన బీడీ కాలుస్తున్న జంగు గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద సారును ఇంకోపారి పిలువుండ్రి. గీపారి మనం ఏం జెయ్యొద్దు."

మొహియుద్దీన్ సాబ్‌కు ఈ మాట చెబితే చాలాసేపు నవ్వి, పెద్ద సార్‌ను తీసుకొచ్చే పూచీ తనదన్నాడు.

"కని సెక్రెటరీ, చీపురు గూడ పట్టొద్దు. ఉత్తగ కూసునుడు నీతోని అయితదా? జర సోంచాయించి చెప్పు."

నాతో కాలేదనే చెప్పాలి. పెద్ద సార్ వచ్చే రోజు పొద్దున చౌకీకి పోయే సరికి, పక్క బీటు గార్డులు ముగ్గురు "ఒక్క రంజన్ అన్న నింపుదాం" అంటూ కడవలతో నిలబడి ఉన్నారు. తిట్టి పంపాను. తిరిగి చూస్తే నా చేతిలోనే చీపురుంది, వాకిలి సగం ఊడ్చేశాను.

మిట్ట మధ్యాహ్నం జీపు వచ్చింది. ఏడు మైళ్ళ దుమ్ము పెద్ద సార్ ముఖం మీదే ఉంది. బంతి మొక్కలు ఎండి పుల్లలయ్యాయి. గోలెంలో తొండ తిరుగుతోంది. లచ్చవ్వ చిన్న చెంబుతో నీళ్ళు తెచ్చింది. గుడ్డతో వడగట్టినా ఇసుక రంగు పోలేదు. పెద్ద సార్ చెంబులోకి చూశాడు, గోలెంలోకి చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు.

"అంటే, నాకు చూపించడానికి గోలెం ఎత్తి పారబోశారన్నమాట! నాటకాలాడుతున్నారా? ఏమయ్యా మల్లయ్యా, నీ జవాబు ఇదేనా?"

ఆయన తప్పేమీ లేదు. ఒకసారి చల్లటి నీళ్ళతో స్నానం చేసిన మనిషి, రెండోసారి ఖాళీ గోలెం చూస్తే ఏమనుకుంటాడు? మల్లయ్య చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. రేంజరు సాబ్ నా వైపే చూస్తున్నాడు, ఈసారి నవ్వడం లేదు.

నాకూ పిల్లలున్నారు, నాకూ నౌకరీ ఒక్కటే. అయినా ముందుకు పోయాను.

"నాటకం పోయినసారిది సార్. ఆడించింది నేను. మూడు కోసుల నుంచి బండి మీద డ్రమ్ములు తెప్పించి నింపాను. మల్లయ్యకు ఏ పాపం తెలియదు. అర్జీ రాసింది నేనే. మెమో ఇస్తే నాకివ్వండి."

"మొన్నటిది నాటకమంటావు, ఇవాళ్టిది నిజమంటావు. ఏది నమ్మమంటావయ్యా?"

ఆరు పేజీల ఇంగ్లీషు జేబులోనే ఉంది, దాన్ని తీయబుద్ధి కాలేదు.

అంతలో లచ్చవ్వ లోపలికి పోయి, రెండు ఖాళీ బిందెలు తెచ్చుకుంది. ఒకటి నెత్తిన పెట్టుకుని, ఇంకోటి చంకలో ఇరికించుకుంది.

"నేను నీళ్ళకు వోతున్న సార్. ఇయ్యాల నా ఎనుక రా, సూద్దువు" అంది. అని ఆగలేదు, నడిచింది.

పెద్ద సార్ టోపీ సర్దుకుని ఆమె వెనుక నడిచాడు. ఆయన వెనుక రేంజరు సాబ్, బంట్రోతు, మల్లయ్య, చివరన నేను.

ఆ తొవ్వ

ఫలితం ముందే చెప్పేస్తాను, లేకపోతే మీలాంటి కుర్రవాళ్ళు చివరి పేజీ తిప్పి చూస్తారు. చెలిమె దగ్గర పెద్ద సార్ బండ మీద కూర్చుని, చిప్ప చిప్పగా రెండు బిందెలు నిండే దాకా కదలకుండా చూశాడు. చెలిమె అంచున రాత్రి నీళ్ళు తాగిపోయిన ఎలుగుబంటి అడుగులు ఇంకా చెదరలేదు. తిరిగొచ్చేటప్పుడు బిందె బంట్రోతుకు ఇమ్మన్నాడు. లచ్చవ్వ ఇవ్వలేదు. "ఇయ్యాల నీ బంట్రోతు మోస్తడు. రేపు ఎవలు మోస్తరు సార్?" అంది. పెద్ద సార్ చౌకీ చేరగానే పుస్తకం తెప్పించుకుని తన పాత రాతను తన చేత్తోనే కొట్టేశాడు. మెమో వాపసయింది. లచ్చవ్వను కాన్పు దాకా పుట్టింటికి పంపడానికి మల్లయ్యకు అనుమతి ఇచ్చాడు. ఆ తర్వాతి ఎండాకాలానికి బావి పడింది. నా మీద చర్య తీసుకుంటానన్నాడు గానీ తీసుకోలేదు. "నేనెరిగినంతలో సంఘం వాళ్ళు కష్టాన్ని తగ్గించి రాసిన అర్జీ ఇదొక్కటేనయ్యా" అని మాత్రం అన్నాడు.

అలా అనడానికి కారణముంది. ఆ చెలిమె కోసెడు దూరంలో లేదు. రెండు కోసులకు పైనే ఉంది. అడవి మనుషులకు ఏ దూరమైనా "గీడనే". అడిగినవాడి మొహం చూసి, వాడు నడవగలిగినంతే చెబుతారు. మల్లయ్య నన్ను చూసి చెప్పాడు, నేను రాసుకున్నాను.

సగం తొవ్వలో నాకు ఆయాసం మొదలైంది. మోదుగు ఆకులన్నీ రాలిపోయి ఎక్కడా నీడ లేదు. చెప్పుల్లోంచి నేల కాలుతోంది. పెద్ద సార్ కంటే నేనే వెనుకబడ్డాను. లచ్చవ్వ తిరిగి చూసి, నా కోసం ఆగింది. నెత్తిన బిందె, పొట్ట మీద చెయ్యి, ముఖం నిండా చెమట.

"అన్నా, నువ్వు గూడ గీ తొవ్వకు కొత్తనేనా?" అంది.

ఎగతాళికి అడగలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళుగా తమ కోసం కొట్లాడుతున్న మనిషి ఈ తొవ్వ నడిచే ఉంటాడని ఆమె అనుకుంది.

"కొత్తనే చెల్లె" అన్నాను.

ఆమె మళ్ళీ నడక సాగించింది. చెలిమె చేరాక చిప్పతో మొదటి నీళ్ళు ముంచి పెద్ద సార్ దోసిట్లో పోసింది. రెండో చిప్ప నా ముందుకు పట్టింది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. గుంతలో నీళ్ళు మళ్ళీ ఊరాలంటే చాలాసేపు పడుతుంది.

"ముందు నువ్వు తాగు చెల్లె" అన్నాను.

"నువ్వు తాగన్నా" అంది లచ్చవ్వ. "నీకు అలవాటు లేదు."

తాగాను.